మంచువాలు

'మంచు' అనే మాటను మనం తెలుగులో ఎన్నింటికో వాడుకొంటాం. ధనుర్మాసంలో గడ్డిపరకల కొసల మీద నిలిచేదీ మంచే. తెల్లవారుజామున బస్సు దారి కనబడకుండా కమ్ముకొనేదీ మంచే. హిమాలయాల మీద కురిసేదీ మంచే. మంచు కురవని నేల మీద పెరిగిన భాషకు ఇది సహజం. అదే వరి విషయంలో చూడండి. కళ్లంలో ఉన్నప్పుడు వడ్లు, దంచితే బియ్యం, వండితే అన్నం. ఏ వస్తువుతో నిత్యం పని ఉంటుందో ఆ వస్తువుకే మాటలు ఎక్కువగా పుడతాయి.

మంచుతో నిత్యం పని ఉన్నవాళ్లలో స్కీయర్లు ఒకరు. కాళ్లకు పొడవైన పట్టీల వంటి స్కీలు బిగించుకొని మంచు కొండల మీదనుంచి కిందికి జారడం వారి క్రీడ. వారికి మంచంతా ఒకటి కాదు. నిన్న రాత్రి కురిసిన మెత్తని మంచు వేరు. పగటి ఎండకు కరిగి రాత్రి చలికి పైన పొరకట్టిన మంచు వేరు. పదిమంది తొక్కి గట్టిపడిన మంచు వేరు. ఈ తేడాలన్నిటిలో వారిని రెండు వర్గాలుగా విడదీసేది ఒకటుంది. యంత్రంతో చదును చేసిన వాలు మీద జారడం కొందరికి ఇష్టం. మనిషి చేయి పడని సహజమైన వాలు మీద జారడం మరి కొందరికి ఇష్టం. ఈ రెండు ఇష్టాల వెనుక ఉన్న సంగతులు తెలుసుకొన్నకొద్దీ, ఇది కేవలం ఆటకు సంబంధించిన విషయం కాదని నాకు అనిపించింది.

మొదట్లో ఈ తేడాయే లేదు. ఉన్నవన్నీ సహజమైన వాలులే. నార్వే దేశంలో టెలిమార్క్ అనే ప్రాంతం ఉంది. అక్కడి మోర్గెడాల్ అనే పల్లెలో 1825లో పుట్టిన సోంద్రె నూర్హైమ్‌ను ఆధునిక స్కీయింగుకు ఆద్యుడిగా చెబుతారు. అతడు సన్నని చెట్టురెమ్మలను మెలిపెట్టి, పాదాన్ని మడమ చుట్టూ స్కీకి బిగించుకొన్నాడు. దానివల్ల జారుతూనే మలుపులు తిరగడానికి, ఎత్తునుంచి దూకడానికి వీలు కలిగింది. 1868లో నార్వే రాజధానిలో జరిగిన పోటీలో అతడు గెలిచినప్పుడు నగరవాసులు ఆశ్చర్యపోయారు. నేడు ఒలింపిక్ క్రీడలలో వినబడే 'స్లాలమ్' అనే మాట ఆ ప్రాంతపు మాండలికంలోనిదే. 'స్లా' అంటే వాలు, 'లోమ్' అంటే జాడ. వాలు మీద పడిన జాడ అని దాని అర్థం. ఒక పల్లె మాట ప్రపంచమంతటా తిరుగుతున్నదంటే భాషను ప్రేమించే వారెవరికైనా సంతోషమే.

ఇరవయ్యో శతాబ్దంలో కొండపైకి తీసుకుపోయే తీగమార్గాలు వచ్చాయి. దానితో ఒకే వాలు మీద రోజుకు వందలమంది జారసాగారు. అందరూ మలుపు తిరిగేచోటనే మంచు తవ్వుకుపోతుంది. తవ్వుకుపోయిన మంచు పక్కన గుట్టగా పేరుకొంటుంది. కొన్ని రోజులకు ఆ వాలంతా గుంటలు, గుబ్బలుగా మారుతుంది. ఈ గుబ్బలను 'మొగల్స్' అంటారు. వీటి మీద కొత్తవారు నిలువలేరు. అందువల్ల పూర్వం పనివాళ్లు, కొన్నిచోట్ల స్కీయర్లే, వరుసగా నిలబడి కాళ్లతో మంచును తొక్కి గట్టిపరిచేవారు. 1950ల తొలినాళ్లలో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, వింటర్ పార్క్ అనే చోట, స్టీవ్ బ్రాడ్లీ అనే అధికారి ఈ పనికి ఒక సాధనం తయారుచేయించాడు. దానికి మోటారు లేదు. ఒక స్కీయరు దాన్ని పట్టుకొని కొండ కిందికి జారుతూ పోతే, అది గుబ్బలను కోసి మంచును అణచేది. పట్టు తప్పితే ఆ బరువంతా మీద పడే ప్రమాదం ఉండేది. తరువాత గొలుసు చక్రాల బండ్లు వచ్చాయి. జర్మనీకి చెందిన కాస్‌బోరర్ సంస్థ 1969లో తెచ్చిన 'పిస్టెన్‌బుల్లీ' వాటిలో ప్రసిద్ధమైనది.

ఈ బండి పనితీరు మన రైతుబిడ్డలకు సులభంగానే అర్థమవుతుంది. ముందున్న వెడల్పాటి రేకు గుబ్బలను తోసి గుంటలను పూడుస్తుంది. వెనుక పళ్లున్న రోలరు గిరగిర తిరుగుతూ గడ్డలను చిదిపి పొడి చేస్తుంది. అన్నిటికంటె వెనుక ఉన్న దువ్వెన వంటి పట్టీ ఆ పొడిని అణచి, సన్నని చాళ్లు తీస్తుంది. గొర్రు తోలిన చేను ఎలా ఉంటుందో, తెల్లవారేసరికి కొండవాలు అలా కనబడుతుంది. చారల చారలుగా ఉండే కార్డురాయ్ గుడ్డ పేరుతోనే పాశ్చాత్యులు ఈ చాళ్లను పిలుస్తారు.

ఈ పని ఎక్కువగా రాత్రిపూట జరుగుతుంది. స్కీయర్లు ఉండరు కనుక అన్నది ఒక కారణం. మరొక కారణం మంచు స్వభావంలోనే ఉంది. చిదిపి అణచిన మంచు రేణువులను కదపకుండా చలిలో ఉంచితే, అవి ఒకదానితో ఒకటి అతుక్కొంటాయి. కొన్ని గంటలలో ఆ పొర గట్టిపడుతుంది. ఒక ఘనమీటరు కొత్త మంచు సుమారు 100 కిలోలు తూగితే, ఇలా అణచిన మంచు 400 నుంచి 500 కిలోలదాకా తూగవచ్చు. చదునైన వాలు గట్టిగా ఉండటమే కాదు, ఎండకు త్వరగా కరగదు కూడా.

కొన్నేళ్ల కిందట ఒక ఫిబ్రవరి నెలలో నేను కశ్మీరులోని గుల్మార్గ్‌లో నాలుగు రోజులున్నాను. 'గుల్' అంటే పువ్వు, 'మర్గ్' అంటే పచ్చికబయలు. వేసవిలో పూలబయలైన ఆ చోటు చలికాలంలో మంచుబయలు అవుతుంది. అది సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. 1927లోనే అక్కడ స్కీ క్లబ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. 1998లో తీగమార్గం మొదటి దశ కొంగ్‌డూరి వరకు పూర్తయింది. 2005లో రెండవ దశ అఫర్వత్ పర్వతం మీదికి, సుమారు 3,950 మీటర్ల ఎత్తుకు చేరింది. కింది భాగంలో యంత్రంతో చదును చేసిన వాలులున్నాయి. పైభాగం చాలావరకు సహజంగా వదిలినదే. కొండకు ఎడమ కుడి వైపుల విస్తరించిన ఆ మెత్తని మంచు కోసమే ఎన్నో దేశాలనుంచి స్కీయర్లు వస్తారు. రెండు రకాల వాలులు ఒకే కొండ మీద ఉండటంవల్ల రెండు రకాల మనుషులను కూడా నేను ఒకేచోట చూడగలిగాను.

నేను బస చేసిన చోట బెంగళూరునుంచి వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగిని ఉన్నారు. నలభై దాటాక ఆమె స్కీయింగు నేర్చుకొన్నారట. మాది తెలుగిల్లని తెలియగానే తెలుగులోనే మాట్లాడసాగారు. మూడేళ్లుగా ఏటా వచ్చి చదును చేసిన వాలు మీదనే జారుతున్నానని చెప్పారు. "ఒకే వాలు మీద రోజూ జారితే విసుగనిపించదా అమ్మా?" అని అడిగాను.

"విసుగెందుకు సార్? సంగీతం నేర్చేవాళ్లు రోజూ అవే స్వరాలు పాడరా? కింద మంచు ఒకేలా ఉంటే తప్పు నాదేనని తెలిసిపోతుంది. నిన్న ఎడమవైపు మలుపులో ఒళ్లు వెనక్కి వాలింది. ఇవాళ వాలలేదు. గుంటలూ గుబ్బలూ ఉంటే తప్పు నాదో మంచుదో ఎట్లా తెలుస్తుంది?" అన్నారామె.

ఆ మాట నాకు నచ్చింది. చదునైన వాలును కొందరు చేతగానివారి దారి అని చులకన చేస్తారు. నిజానికి ప్రపంచంలో అతి వేగంగా జారే పందెగాళ్లు పోటీ చేసేది కూడా జాగ్రత్తగా చదును చేసిన వాలు మీదనే. పెద్ద పోటీలకు మంచులోకి నీళ్లు పట్టించి మరీ గట్టిపరుస్తారు. మొదట దిగినవాడికీ చివర దిగినవాడికీ వీలైనంతవరకు ఒకే దారి దొరకాలన్నదే అందులోని న్యాయం.

అదే బసలో పుణెనుంచి వచ్చిన ఒక ఇంజనీరింగు విద్యార్థి ఉన్నాడు. అతని స్కీలు చూడగానే తేడా తెలిసింది. ఆ ఉద్యోగిని స్కీలు మధ్యలో 70 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే, అతనివి 100 మిల్లీమీటర్లు దాటి ఉన్నాయి. సన్నని స్కీ అంచు గట్టి మంచును కోస్తూ మలుపు తిరుగుతుంది. వెడల్పాటి స్కీ మెత్తని మంచులో కూరుకుపోకుండా పైన తేలుతుంది. "మెత్తని మంచులో చప్పుడే ఉండదు సార్. మోకాలిదాకా మంచు. ముందెవరూ పోయిన జాడ ఉండదు. ఒక మలుపు లాగా మరో మలుపు ఉండదు. చదును వాలు మీద నాకు రోడ్డు మీద పోయినట్టే ఉంటుంది," అన్నాడు ఆ అబ్బాయి. అతని కళ్లలోని వెలుగు చూస్తే అది బడాయి మాట కాదని తెలుస్తూనే ఉంది.

మూడవరోజుకు ముందురాత్రి ఎడతెగకుండా మంచు కురిసింది. తెల్లవారేసరికి కిటికీ సగందాకా మంచు పేరుకొంది. ఆ అబ్బాయి, అతని మిత్రులు ఇద్దరు చీకటితోనే తయారయ్యారు. కాని పైభాగాన్ని ఆ రోజు మూసి ఉంచుతున్నట్టు స్కీ పెట్రోల్ సిబ్బంది ప్రకటించారు. మిత్రులకు కోపం వచ్చింది. ఇంతదూరం వచ్చింది ఈ మంచు కోసమే గదా, తీగమార్గం లేకపోతే పక్కనున్న అడవి వాలు ఎక్కి దిగుదామని వాదించారు. వారి వెంట వచ్చిన గైడు స్థానికుడు, యాభై ఏళ్లవాడు. అతడు వాదించలేదు. పార తీసుకొని, "నాతో రండి" అని హిందీలో అని, బసకు వెనుకనున్న చిన్న వాలు దగ్గరికి తీసుకుపోయాడు. నేనూ వెంట వెళ్లాను.

అతడు మంచులో ఛాతీలోతు గొయ్యి తవ్వాడు. గోడను పారతో నున్నగా కోసి, చేతితో తడిమి చూడమన్నాడు. పైన రాత్రి కురిసిన మంచు. దాని కింద ఒక చోట పంచదార వంటి పొడి పొర. రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా జలజల రాలుతున్నాయి. ఆ కింద గట్టి పొర. తరువాత అతడు ఒక దిమ్మెను చుట్టూ కోసి విడదీసి, దానిపైన పారను బోర్లించి, చేతితో మెల్లగా తట్టాడు. పదోసారి తట్టేసరికి పై దిమ్మె మొత్తం ఆ పంచదార పొర మీదనుంచి పలకలాగా జారి మా కాళ్ల ముందు పడింది.

ఎవరూ మాట్లాడలేదు. గైడు పారకున్న మంచు దులుపుకొంటూ, "ఇక్కడ నా చెయ్యి తట్టింది. పైన మీ బరువు తడుతుంది," అన్నాడు.

మంచుచరియలు విరిగిపడటం అంటే ఇదే. గట్టి పలక వంటి పొర కింద బలహీనమైన పొర ఉన్నప్పుడు, సుమారు 30 నుంచి 45 డిగ్రీల వాలులో, మనిషి బరువు చాలు దాన్ని కదిలించడానికి. స్కీయర్లు చిక్కుకొనే మంచుచరియలను చాలాసార్లు కదిలించేది వారో వారి తోటివారో అని నిపుణులు చెబుతారు. మంచు కింద పడినవారిని పావుగంటలోపు తవ్వి తీయలేకపోతే బతికే అవకాశం వేగంగా తగ్గిపోతుంది. అందుకే సహజ వాలు మీదికి పోయేవారు మూడు వస్తువులు వెంట ఉంచుకొంటారు. ఒంటికి కట్టుకొనే సంకేత యంత్రం ఒకటి. మంచులో గుచ్చి వెతికే పొడవైన కడ్డీ మరొకటి. మూడవది పార. ఈ మూడూ వాడటం తోటివారికి కూడా తెలిసి ఉండాలి. ఎందుకంటే పూడిపోయినవాడి చేతిలోని పార అతనికి పనికిరాదు.

2023 ఫిబ్రవరి 1న అదే అఫర్వత్ పర్వతం మీద మంచుచరియ విరిగిపడి పోలండ్ దేశస్థులు ఇద్దరు మరణించారు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో గుల్మార్గ్ కొండల మీదనే మరో మంచుచరియ ఒక రష్యన్ స్కీయరును బలిగొంది. ఈ వార్తలు చదివినప్పుడల్లా నాకు ఆ గైడు తవ్విన గొయ్యి గుర్తుకు వస్తుంది.

ఆ రోజు ఆ ముగ్గురూ చదును చేసిన వాలు మీదనే జారారు. పుణె అబ్బాయి ఆ ఉద్యోగిని వెనుక రెండుసార్లు దిగి, "ఆంటీ, మీ మలుపు అంత శుభ్రంగా ఎలా వస్తుంది?" అని అడగడం నేను విన్నాను. ఆమె తన స్కీతో మంచు మీద గీత గీసి చూపించారు.

ఇంతకూ ఏది మేలైనది? ప్రపంచంలో రెండింటికీ నిలయాలున్నాయి. అమెరికాలోని యూటా రాష్ట్రంలో 1981లో ప్రారంభమైన డీర్ వ్యాలీ, చక్కగా చదును చేసిన వాలులకు పేరు పొందింది. అదే దేశంలో వెర్మాంట్ రాష్ట్రపు మ్యాడ్ రివర్ గ్లెన్‌లో ఎక్కువ వాలులకు యంత్రం తగలనివ్వరు. 1995నుంచి అది స్కీయర్ల సహకార సంఘం చేతిలోనే ఉంది. చాతనైతే ఇక్కడ జారండి అన్నది వారి నినాదం. పూర్వం అందరూ పూడ్చాలని చూసిన గుబ్బలే 1992 ఆల్బర్ట్‌విల్ ఒలింపిక్స్‌లో ఒక పతకపు పోటీకి రంగమయ్యాయి. చాలాచోట్ల నిర్వాహకులు కొన్ని వాలులను చదును చేసి, కొన్నింటిని వదిలిపెడతారు. ఐరోపాలో వాలు కష్టాన్ని బట్టి నీలం, ఎరుపు, నలుపు రంగుల గుర్తులు పెడతారు. నలుపు గుర్తు ఉన్న వాలు కూడా చదును చేసినదై ఉండవచ్చు. నున్నగా ఉన్నంత మాత్రాన సులభమని అనుకోకూడదు. నున్నని నిటారు వాలు మీద వేగం చూస్తుండగానే పెరుగుతుంది. అక్కడ ఇతరులను ఢీకొనే ప్రమాదమే ఎక్కువ.

రెండు పక్షాల వారి మాటలూ విన్నాక నాకు ముఖ్యమనిపించినది ధైర్యం, పిరికితనాల తేడా కాదు. మంచును పరిశీలించే బాధ్యత ఎవరిదన్నదే ముఖ్యం. చదును చేసిన వాలు మీద మనకంటె ముందే ఎవరో మంచును పరిశీలించి ఉంటారు. యంత్రం నడిపినవాడు రాళ్లు తేలిన చోటు చూసి ఉంటాడు. పెట్రోల్ సిబ్బంది పైనున్న చరియలను గమనించి ఉంటారు. మన పని మన శరీరాన్ని అదుపులో ఉంచుకోవడం, ముందున్నవారిని తప్పించుకొనిపోవడం. సహజ వాలు మీద ఆ పరిశీలన అంతా మనమే చేయాలి. మంచు కింది రాయిని, చెట్టు మొదట దాగిన గుంటను, నాలుగు రోజుల కిందటి పొరను మనమే ఊహించాలి. చదునైన వాలు మీద సంపాదించిన నైపుణ్యం కాళ్లకు చెందినది. సహజ వాలుకు ఆ నైపుణ్యం చాలదు, మంచును గురించిన తెలివి కూడా కావాలి. ఒకటి ఉన్నది గనుక రెండవదీ ఉన్నదనుకొనేవారే ఎక్కువగా ఆపదలో పడతారు.

మరొక సంగతి కూడా ఉంది. 2024 జనవరిలో చాలా రోజులు గుల్మార్గ్ కొండలు మంచు లేక బోసిపోయాయి. 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగవలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక మార్చి నెలకు వాయిదా పడ్డాయి. మంచే లేనప్పుడు చదును చేసే యంత్రం షెడ్డులో ఉంటుంది. మెత్తని మంచు కోసం వచ్చినవారు కిటికీ దగ్గర కూర్చుంటారు. అప్పుడు రెండు వర్గాలవారి చింతా ఒకటే.

విద్యార్థులారా! మీలో కొందరు ఎప్పుడో ఒకప్పుడు గుల్మార్గ్‌కో ఔలీకో వెళ్లి స్కీలు కట్టుకోవచ్చు. మొదటి పాఠాలు చదునైన వాలు మీదనే నేర్చుకోండి. ఉదయాన ఆ సన్నని చాళ్ల మీద అడుగుపెట్టేటప్పుడు, రాత్రంతా చలిలో మేలుకొని వాటిని తీసినవారు ఉన్నారని గుర్తుంచుకోండి. కాలు కుదిరి, మనసు సహజ వాలు మీదికి పోతే తప్పక వెళ్లండి. కాని మంచును ఎరిగినవారి వెంట వెళ్లండి. వారు ఈరోజు వద్దు అంటే ఆ మాట వినండి. మంచు మళ్లీ కురుస్తుంది.